దారికి రెండొందల మీటర్ల అవతల

సర్వే పనిలో నేను ముప్పై మూడేళ్ళు ఉన్నాను. అందులో పంతొమ్మిది కువైట్‌లో గడిచాయి. రోడ్లకి, డ్రైనేజీ గొట్టాలకి, గోడౌన్లకి కొలతలు తీశాను. అవన్నీ సరిగ్గానే వచ్చాయి కాబట్టి వాటి గురించి చెప్పుకోడానికి ఏమీ లేదు. మా వృత్తి అంతే. గోడ నిటారుగా నిలబడితే మేస్త్రీ గొప్ప, వంకరపోతే సర్వేయర్ తప్పు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు కనబడితే "మీ సర్వీసులో మీరు చేసిన గొప్ప పని ఏదండీ?" అని అడుగుతుంటారు. గొప్ప పని సంగతి నాకు తెలీదు గానీ, గొప్ప తప్పు ఒకటుంది. అదీ జీతం తీసుకుని చేసింది కాదు, శుక్రవారాలు సెలవు పూట ఊరికే చేసింది. ఊరికే చేసే పనిలో మనిషి మరీ ఎక్కువ జాగ్రత్తగా ఉంటాడు. నా కొంప ముంచింది ఆ జాగ్రత్తే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేం కువైట్ సిటీ పక్కన ఖైతాన్ అనే పేటలో ఉండేవాళ్ళం. మా ఆవిడ ఒక క్లినిక్‌లో నర్సు, నేను రోడ్లు వేసే కంపెనీలో సర్వేయర్ని. ఒకరోజు కొలత మేకుల కోసం ఇనప ఊచలు కావాలని అమ్ఘరా వెళ్ళాను. అక్కడ పాత ఇనుము కొట్ల మధ్య ఒక కువైటీ పెద్దాయన విరిగిన మోటారుసైకిళ్ళ కుప్ప ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బ్రేకు లీవర్లు ఒక్కొక్కటే తీసి నొక్కి చూస్తున్నాడు, బజార్లో బెండకాయల కొసలు విరిచి చూసినట్టు. నా చేతిలో కొలత టేపు చూసి పిలిచాడు.

"ఏం పని చేస్తావు?" అని హిందీలో అడిగాడు. వాళ్ళ నాన్న కాలంలో బొంబాయితో వ్యాపారం ఉండేదట, అందుకని ఆయనకి హిందీ బాగానే వచ్చు. మధ్యమధ్య అరబీ దానంతటదే పడేది.

"సర్వేయర్నండి."

"అంటే ముహందిస్‌వి."

"కాదండి. ముహందిస్ అంటే ఇంజనీరు. నేను సర్వేయర్ని."

"కొలుస్తావా లేదా?"

"కొలుస్తానండి."

"అయితే ముహందిస్‌వే. ఈ లీవరు నా అరచేతికి సరిపోతుందో లేదో చూసి చెప్పు."

ఆ రోజు నుంచి నేను ముహందిస్‌ని అయిపోయాను. పాలిటెక్నిక్ వాళ్ళివ్వని పట్టా అమ్ఘరాలో దొరికింది. ఆయన్ని అక్కడందరూ హజీ అనేవారు, నేనూ అదే అలవాటు చేసుకున్నాను.

లీవరు దేనికంటే, హజీకి ఎడంకాలు మోకాలి కింద లేదు. ఇరాక్ దండెత్తినప్పటి యుద్ధం అయిపోయిన రెండో ఏడు వసంతంలో ఎడారికి ఫగా ఏరుకోడానికి వెళ్ళాడట. ఫగా అంటే వానలు పడ్డాక ఇసుకలో పుట్టే దుంపల్లాంటి పుట్టగొడుగులు, కువైటీలు ప్రాణం పెడతారు. సైనికులు పాతి వదిలేసిన మందుపాతర మీద అడుగు పడింది. "ఆ ఏడు ఫగా బాగా ప్రియం ముహందిస్, కిలోకి ఒక కాలు" అని తనే చెప్పి తనే నవ్వేవాడు. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వాలో వద్దో తెలీలేదు.

ఆటోమేటిక్ బండి కొనుక్కోవచ్చు కదా అంటే ఒప్పుకోడు. "అది మా ఆవిడ జమియాకెళ్ళి సరుకులు తెచ్చుకోడానికి" అనేవాడు. పాత జీపుకి క్లచ్ చేత్తో నొక్కేలా గేరు కర్రకి లీవరు పెట్టించుకున్నాడు. ఆ రోజు మేమిద్దరం కలిసి ఎంచిన లీవరే అది. వారం తిరక్కుండా ఫోను చేసి "శుక్రవారం రా, నీ లీవరు ఎలా పనిచేస్తుందో చూద్దువు గాని" అన్నాడు.

జహ్రా దాటి ఉత్తరంగా వెళ్తే తారు రోడ్డు పక్కనుంచి ఎడారిలోకి ఒక బండిదారి ఉండేది. పదకొండు కిలోమీటర్లు. గులకరాళ్ళ నేల మీద మొదలై, మెల్లిగా ఎగువకి పాకి, ఒక రాతి మెట్ట అంచున ఆగిపోతుంది. అక్కణ్ణుంచి చూస్తే కింద సముద్రం. దేశమంతా బల్లపరుపుగా ఉండే చోట అంత ఎత్తు నుంచి నీళ్ళు కనపడేసరికి నాకే ఒళ్ళు పులకరించింది. హజీ జీపు ఆపి, ఇంజను కట్టేసి, కింద నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు. చిన్నప్పుడు వాళ్ళ కుటుంబం చలికాలమంతా ఆ మెట్ట మీదే డేరాలేసుకుని ఉండేదట.

ఆ దారి మీద తిరిగేవాళ్ళు హజీతో కలిపి ఏడెనిమిది మంది. అందరూ మంగళవారం సాయంత్రాలు హజీ ఇంటి దివానియాలో కూడేవారు. దివానియా అంటే మగవాళ్ళు కూర్చుని టీ తాగుతూ లోకం సంగతులన్నీ తేల్చే గది. వాళ్ళలో నాకు దగ్గరైనవాడు హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక ఐటీ ఇంజనీరు. కొత్త ఫోర్‌వీల్ బండి, కొత్త కళ్ళద్దాలు, దేనికైనా ముందుండే రకం.

వాళ్ళకి ఒక కట్టుబాటు ఉండేది. చక్రం దారి దాటకూడదు. ఎందుకంటే మొదట్లో ఆ ఒక్క దారి మీదే మందుపాతరలు పూర్తిగా తీశారు, తరవాత చుట్టుపక్కలా తీసేసినా కట్టుబాటు అలాగే ఉండిపోయింది. పైగా పక్కన అర్ఫజ్ పొదలు ఉంటాయి, వసంతంలో పసుప్పచ్చగా పూస్తాయి, అవి నలిగితే హజీకి కోపం. ఎవరి చక్రం దారి దిగినా వాడు వచ్చే మంగళవారం దివానియా మొత్తానికి మాంసంతో మచ్బూస్, అంటే వాళ్ళ బిర్యానీ లాంటిది, వండించి పెట్టాలి. హైదరాబాద్ ఇంజనీరు మొదటి నెలలో మూడుసార్లు పెట్టాడు.

ఇంతలో ఆ నేలంతా వాహనాలకి మూసేస్తారని కబురు వచ్చింది. నాలుగు చక్రాల బగ్గీలేసుకుని కుర్రకారు ఎడారంతా దున్నేస్తున్నారని, పొదలు చచ్చిపోతున్నాయని ప్రభుత్వానికి దిగులు. దిగులు నిజమే. నేనే చూశాను, కొన్నిచోట్ల నేల దుక్కి దున్నిన చేలా ఉండేది. కానీ మూసేస్తే హజీ గతేమిటి? రెండు కాళ్ళున్నవాడు నడిచి వెళ్తాడు. చెక్క కాలుతో ఆయన ఇసుకలో ఒక ఫర్లాంగు కూడా నడవలేడు. ఆ దారి మూతపడితే ఆయనకి ఆ మెట్ట లేనట్టే.

దివానియాలో తీర్మానమైంది. ఒక్క దారి, అటూ ఇటూ గుర్తులు, పేరు రాయించుకున్న బండ్లకే ప్రవేశం, కాపలా మాదే, మిగతా నేలంతా మూసేయండి అని అర్జీ పెట్టాలి. ఇంజనీరు ఇంగ్లీషులో రాశాడు. అందులో హజీ కాలు గురించి ఒక పేరా పెట్టాడు, చదివితే రాయి కూడా కరుగుతుంది. హజీ విని, కలం అడిగి, ఆ పేరా అడ్డంగా కొట్టేశాడు.

"హజీ, అదే కదా మన స్ట్రాంగ్ పాయింటు" అన్నాడు ఇంజనీరు.

"నా కాలు చూపించి అడిగితే నా ఒక్కడికే ఇస్తారు. అది దారి కాదు, బిచ్చం. కాలు ఊసు వద్దు, ఖలాస్."

అర్జీకి పటం కావాలి. అందరూ నా వైపు చూశారు. "ముహందిస్ ఉన్నాడుగా" అన్నాడు హజీ.

ఆ చలికాలం శుక్రవారాలన్నీ అదే పని. ముందు గుర్తులు. అమ్ఘరా నుంచి పాత టైర్లు తెచ్చి దారి పొడుగునా సగం పాతి తెల్లరంగు వేయాలనుకున్నాం. రంగెందుకు, సున్నం వేద్దాం అని సలహా ఇచ్చింది నేనే. మా వైపు అరుగులకీ చెట్ల మొదళ్ళకీ సున్నమే కదా కొడతాం. రబ్బరు మీద సున్నం రెండు రోజులు కూడా నిలవలేదు. పై శుక్రవారానికి గాలికి మొత్తం రాలిపోయి టైర్లు మళ్ళీ నల్లగా మమ్మల్ని చూస్తున్నాయి. మళ్ళీ మొదటినుంచి రంగు వేశాం.

మా ఆవిడ ఒక శుక్రవారం నా చొక్కా ఉతుకుతూ అంది: "ఏవండీ, మూడేళ్ళ నించీ వంటింట్లో గోడకి రంగెయ్యండంటే వినపడదు గానీ, ఎడారిలో టైర్లకి రెండేసి కోటింగులా? ఎవడన్నా వింటే నవ్విపోతారు. పోనీ ఆ కాయితం మీద మీ పేరు లేదు కదా? వీసా ఇచ్చిన కఫీల్‌కి తెలిస్తే ఇఖామా మీదకొస్తాది, దేశం నించి పంపించేస్తారు."

"అర్జీ మీద హజీ సంతకమే. పటం మూల గీసినవాడి పేరు మాత్రం ఉంటుంది. అది పద్ధతి."

"ఏం పద్ధతో. ఆయ్, మీ ఇష్టం" అని చొక్కా గట్టిగా పిండింది.

ఇక పటం. ఇక్కడే మీరు కొంచెం ఓపిక పట్టాలి. ఇప్పుడు ఫోను తీస్తే మీరెక్కడున్నారో చెప్పేస్తుంది. అప్పుడు చేతిలో పట్టుకునే జీపీఎస్‌లు కొత్తగా వచ్చాయి. మా కంపెనీలో అవి లేవు, మేం కొలత స్తంభాల నుంచి పరికరం పెట్టి కొలిచేవాళ్ళం. ఇంజనీరు తన జీపీఎస్ ఇచ్చాడు. ప్రతి టైరు దగ్గరా నిలబడి అది చూపించే అంకెలు రాసుకున్నాను. ఒక్కోచోట మూడేసిసార్లు చూసుకున్నాను. తరవాత ఆ దేశపు పాత పటం ఒకటి తీసుకుని, ఆ అంకెలు దాని మీద పెట్టి, నల్ల సిరాతో గీత గీశాను. అంత అందమైన గీత నేను జీతానికి ఎప్పుడూ గీయలేదు.

గీసేటప్పుడు ఒకచోట గీత సబ్ఖా గుర్తు మీద నుంచి పోయింది. సబ్ఖా అంటే మా కోనసీమ సముద్రపు ఒడ్డున ఉండే ఉప్పు పర్ర లాంటిదే. పైన తెల్లగా పెచ్చు, కింద బురద. మా దారిలో అటువంటి చోటు లేదే అని కాసేపు ఆలోచించాను. 'పాత పటం కదా, అప్పటికీ ఇప్పటికీ పర్ర జరిగి ఉంటుంది' అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. సర్వేయర్ అన్నవాడు అనకూడని మాట ఏదైనా ఉంటే అదే. నేల జరిగిందనుకున్నాను గానీ నా గీత జరిగిందేమో అన్న అనుమానం రాలేదు.

అర్జీ ఇచ్చిన నెలకి తారు రోడ్డు పక్కన బుల్డోజర్ వచ్చి మట్టిగట్టు పోసేసింది. దారి మొదలు మూసుకుపోయింది. హజీ ఆ వారం దివానియాలో టీ కప్పు చేతిలో పట్టుకుని తాగడం మర్చిపోయాడు. తరవాత కొద్ది రోజులకి ఆఫీసు నుంచి పిలుపొచ్చింది.

మా అర్జీ చూసే అధికారి ఒక యువతి, కువైటీ. మొక్కల మీద పెద్ద చదువు చదివిందట. బల్ల మీద గాజు పలకల కింద ఎండబెట్టిన కొమ్మలు ఉన్నాయి. హజీకి తను లేచి కుర్చీ వేసింది, కానీ మాట మాత్రం మెత్తగా లేదు.

"మీ ఉత్తరం బాగుంది" అంది నాతోనూ ఇంజనీరుతోనూ ఇంగ్లీషులో. "పటం ఇంకా బాగుంది. కానీ నేను పదేళ్ళుగా చూస్తున్నాను. అందరూ ఒక్క దారి అనే మొదలుపెడతారు. నెల తిరిగేసరికి దాని పక్కన ఇరవై దారులుంటాయి. ఈ నేల మీద చక్రం గుర్తు పడితే ఏళ్ళ తరబడి పోదు. యుద్ధం నాటి ట్యాంకుల జాడలు ఇప్పటికీ ఉన్నాయి. దారి నుంచి రెండొందల మీటర్ల అవతలైనా పొద బతికున్న చోటు నాకు ఒక్కటి చూపించండి."

"వచ్చి చూడండి" అన్నాడు హజీ.

"వస్తాను. మీరు చూపించినవి కాదు, మీ పటం ప్రకారం నేనే చూస్తాను. ఒక్కసారే వస్తాను."

ఫిబ్రవరి చివర్లో వచ్చింది. ముందు రెండు రోజులు వాన పడి ఎడారి కడిగినట్టు ఉంది. గట్టుని ఒకచోట తవ్వి రెండు బండ్లకి సందిచ్చారు. హజీ జీపులో నేనూ ఇంజనీరూ. వెనక కొత్త తివాచీ, ఫ్లాస్కులు, ఖర్జూరాలు, అధికారిణికి మెట్ట మీద మర్యాద చేద్దామని. ఆవిడ ప్రభుత్వ బండిలో డ్రైవరు పక్కన కూర్చుని ఒళ్ళో నా పటం, చేతిలో తన జీపీఎస్ పెట్టుకుంది. "మీరు వెనక రండి" అని ముందు బయల్దేరింది.

సందు దాటిన వెంటనే ఆ బండి దారి వదిలేసి కుడి పక్కకి తిరిగింది.

"ఎక్కడికి పోతుంది అన్నా ఈమె?" అన్నాడు ఇంజనీరు.

"పక్క పొదలు చూడ్డానికేమో" అన్నాను.

కానీ ఆ బండి ఆగలేదు. మాకు కుడివైపు రెండొందల మీటర్ల దూరంలో, మా దారికి సమాంతరంగా, పొదల మధ్య నుంచి తప్పుకుంటూ పోతోంది. మేం తెల్లటైర్ల మధ్య మా దారిన పోతున్నాం. హజీ హారను కొట్టాడు. ఆవిడ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి మమ్మల్ని అటు రమ్మని ఊపింది. మేం ఇటు రమ్మని ఊపాం. ఆవిడ ఇంకా గట్టిగా ఊపింది. అలా రెండు బండ్లూ ఒకరినొకరు పిలుచుకుంటూ నాలుగు కిలోమీటర్లు వెళ్ళాయి. తరవాత తెలిసింది, మేమే దారి తప్పి తిరుగుతున్నామని ఆవిడ కోపంగా డ్రైవరుతో అంటోందట.

అప్పుడు నేను ఆ బండి పోయే తీరు గమనించడం మొదలుపెట్టాను. ఆవిడ అటూ ఇటూ తూలకుండా వెళ్తోంది. మా దారి మలుపు తిరిగిన ప్రతిచోటా తనూ తిరుగుతోంది. నేను గీసిన గీత మీద పోతోందన్నమాట. మరి మా దారి ఇక్కడుంది.

భూమి గుండ్రం, కాగితం బల్లపరుపు. భూమిని కాగితం మీదికి దించడానికి ఒక్కో పటానికి ఒక్కో పునాది లెక్క ఉంటుంది. ఆ పాత పటానికి ఆ దేశపు లెక్క, ఇంజనీరు జీపీఎస్‌కి ప్రపంచానికంతా పెట్టిన లెక్క. యంత్రంలో ఒక మీట నొక్కి ఆ లెక్క మార్చుకోవాలి. నేను మార్చలేదు. పెట్టెలోంచి ఎలా వచ్చిందో అలాగే వాడాను. గీత మొత్తం, వంపులతో సహా, ఒకే పక్కకి రెండొందల మీటర్లు జరిగిపోయింది. మూడేసిసార్లు చూసుకోవడంతో తప్పు మూడింతలు గట్టిపడింది. ఆవిడ మాత్రం తన యంత్రాన్ని పటానికి తగ్గట్టు సరిగ్గా పెట్టుకుని వచ్చింది.

ఇది నేను మనసులో అనుకుంటూ ఉండగానే ప్రభుత్వ బండి ముక్కు కిందికి వంగింది. వెనక చక్రాలు రెండుసార్లు గిర్రున తిరిగి నల్లటి బురద ఎగజిమ్మాయి. పర్ర ఎక్కడికీ జరగలేదు. పటంలో ఎక్కడుందో అక్కడే ఉంది.

హజీ జీపు ఆపాడు. "యల్లా, మీరిద్దరూ పరిగెత్తండి."

"నువ్వు రావా హజీ? తాడు కట్టి లాగితే అయిపోతుంది" అన్నాడు ఇంజనీరు.

"చక్రం దారి దిగదు."

"హజీ! ఆమె ఆఫీసరు!"

"రాజు దిగబడ్డా చక్రం దిగదు. తివాచీ తీసుకెళ్ళండి."

నేను జీపు వెనక నుంచి తివాచీ చుట్టి భుజాన వేసుకున్నాను. పొదల మధ్య నుంచి నడుస్తూంటే ఇంజనీరు నా చెవిలో అన్నాడు: "అన్నా, నువ్వేం చెప్పకు. ఆమె మెషినే తప్పు చూపించిందని అందాం. పటం మీద నీ పేరుంది. ఎందుకన్నా రిస్కు?"

నిజం చెప్తున్నాను, ఆ మాట నాకు బాగా నచ్చింది. నడిచినంతసేపూ నచ్చుతూనే ఉంది. ఆవిడ మొక్కలు చదువుకున్న మనిషి, యంత్రాల గురించి నేను ఏం చెప్తే అది నమ్ముతుంది అనిపించింది. ఇంకోపక్క నేను తప్పు ఒప్పుకుంటే అర్జీ ఆ నిమిషమే పోతుంది, దాంతో హజీ మెట్ట పోతుంది.

దగ్గరికెళ్ళేసరికి ఆవిడ బురదలో నిలబడి ఉంది. చెప్పులు కనబడ్డంలేదు. డ్రైవరు ఇంకా యాక్సిలరేటరు తొక్కుతున్నాడు. "ఆపు నాయనా, తొక్కినకొద్దీ దిగుతుంది" అని అరిచాను. ఇసుక సంగతి హజీకి తెలిసినట్టు బురద సంగతి నాకు తెలుసు. మా వైపు పర్రలో గేదె దిగినా బండి దిగినా ఒకటే వైద్యం. ముందు కదలనివ్వకూడదు, తరవాత కింద ఏదైనా పరవాలి. టైర్లలో గాలి సగం తీయించాను. చేతుల్తోనే చక్రాల వెనక బురద తోడాం. హజీ మర్యాద కోసం తెచ్చిన తివాచీని రెండుగా చీల్చి చక్రాల కింద పెట్టాం. ఇంజనీరూ నేనూ ముందు నుంచి నెట్టాం. దూరం నుంచి హజీ జీపు మీద నిలబడి హారన్‌తో ఆజ్ఞలిస్తున్నాడు, ఒకటి కొడితే నెట్టమని, రెండు కొడితే ఆగమని. మూడోసారికి బండి మూలుగుతూ వెనక్కి గట్టి నేల మీదికి వచ్చింది. మా ముగ్గురికీ కళ్ళు తప్ప ఒంట్లో తెలుపు లేదు.

ఆవిడ అబాయా అంచు పిండుకుంటూ అడిగింది: "ఆ పెద్దాయన ఎందుకు రాలేదు?"

"దారి దిగకూడదని మా కట్టుబాటు మేడమ్" అన్నాడు ఇంజనీరు.

"దారి ఇదే కదా? మీ పటంలో ఇదేగా?"

ఇంజనీరు నా వైపు చూశాడు. నా నోరు నేననుకోకుండానే తెరుచుకుంది.

"ఇది కాదు మేడమ్. దారి అదే, ఆయన నిలబడ్డది. పటం తప్పు. మీ యంత్రం సరిగ్గానే ఉంది. నేను నా అంకెల పునాది లెక్క మార్చకుండా గీశాను. మొత్తం గీత ఇటు జరిగింది. నేను సర్వేయర్ని, నాకు తెలిసి ఉండాల్సింది."

"ఎన్నేళ్ళ సర్వీసు?"

"పదహారేళ్ళు మేడమ్."

ఆవిడ పటం విప్పి, దూరంగా తెల్లటైర్లు చూసి, మళ్ళీ పటం చూసింది. తరవాత మమ్మల్ని వదిలేసి, తన బండి వచ్చిన దారినే వెనక్కి నడవడం మొదలుపెట్టింది. వంగి నేల చూస్తూ నడుస్తోంది. ఒకచోట చతికిలబడి కూర్చుని ఒక పొద కొమ్మ పట్టుకుని చూసింది. మేం అక్కడే బురద కారుతూ నిలబడ్డాం. ఇంజనీరు గొణిగాడు, "అయిపోయిందన్నా. ఖలాస్."

ఆవిడ చాలా దూరం వెళ్ళి తిరిగొచ్చింది. మొహంలో కోపం లేదు, ఏదో లెక్క తేలనట్టుంది.

"నేను ఇప్పుడు దారికి రెండొందల మీటర్ల అవతల నాలుగు కిలోమీటర్లు వచ్చాను, అవునా?"

"అవును మేడమ్."

"ఎవరైనా అర్జీదారు నన్ను ఎక్కడికి తీసుకెళ్తాడు? శుభ్రంగా ఉన్న చోటికి. మీరు చూపించని చోటికి నేను వచ్చాను. ఒక పాత ట్యాంకు జాడ ఉంది. అంతే. పొదలన్నీ బతికున్నాయి, మొగ్గలేశాయి. ఈ నాలుగు కిలోమీటర్లలో కొత్త చక్రం గుర్తు ఒక్కటే ఉంది." ఆగి, తన బండి వైపు చూసింది. "అది ప్రభుత్వానిది."

ముందు నవ్వింది డ్రైవరు. తరవాత ఆవిడ. తరవాత ఇంజనీరు నేల మీద కూలబడి నవ్వాడు. నాకు మాత్రం నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, బురద మొహం కాబట్టి ఎవరికీ తెలీలేదు. దూరంగా హజీ ఏమీ అర్థంకాక హారన్ కొడుతూనే ఉన్నాడు.

ఆ రోజు మెట్ట దాకా వెళ్ళలేదు. ఆవిడ పొద్దుపోయిందని వెనక్కి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు హజీ దగ్గరికొచ్చి, తను దారి దిగి నలిపిన పొదలకి క్షమించమంది. హజీ కట్టుబాటు చెప్పాడు. మంగళవారానికి దివానియాకి ప్రభుత్వ కార్యాలయం నుంచి పెద్ద పళ్ళెం నిండా మచ్బూస్ వచ్చింది.

పటం మళ్ళీ గీశాను. ఈసారి మా కంపెనీ పరికరం పెట్టి, స్తంభాల నుంచి కొలిచి. తప్పు పటం తిరిగి ఇచ్చేయమని అడిగితే ఆవిడ ఇవ్వలేదు. "నా దగ్గరున్న ఆధారం అదే" అంది. కాబట్టి పిల్లలూ, నా సర్వీసు మొత్తంలో ప్రభుత్వం భద్రంగా దాచిన నా పటం అది ఒక్కటే, అదీ తప్పుది. తప్పు చేస్తే మేలు జరుగుతుందని మాత్రం మీరు నేర్చుకోకండి. అటువంటివి వందలో ఒకటి. మిగతా తొంభై తొమ్మిదింటికి తిట్లే, నాకు తెలుసు. కానీ ఆ రోజు నోరు మూసుకుని ఉంటే, ఆవిడ తను దారి మీదే ఉన్నాననుకుని, వట్టి పొదలు చూసి, 'ఇక్కడ దారే లేదు, అర్జీ అబద్ధం' అని రాసేది. ఆ సంగతి నాకు తట్టింది మర్నాడు.

జవాబు వెంటనే రాలేదు. ఎండాకాలం అంతా గట్టు మూసే ఉంది. హజీ దివానియాలో నవ్వుతూనే ఉండేవాడు గానీ జీపు ఊసెత్తేవాడు కాదు. మళ్ళీ చలిగాలి తిరిగే రోజుల్లో ఉత్తరం వచ్చింది. ఒక్క దారి, టైర్ల మధ్యే, పేరున్న బండ్లకే, ఆ ఒక్క సీజనుకి. బాగుంటే పై ఏడు మళ్ళీ చూస్తాం అని.

మొదటి శుక్రవారం పొద్దున్నే ఏడు బండ్లు గట్టు సందు ముందు వరసగా నిలబడ్డాయి. మా ఆవిడ కూడా వచ్చింది, ఈ టైర్ల సంగతేమిటో కళ్ళారా చూస్తానని. అందరం హజీ వెనక వెళ్ళాలని సిద్ధంగా ఉన్నాం. హజీ కర్ర ఊతంగా జీపు దిగి మా అందరి ముందుకీ వచ్చాడు.

"ముందు నేనొక్కణ్ణే వెళ్తాను" అన్నాడు.

జీపు సందులోంచి దూరి, టైర్ల మధ్య చిన్నదై, మెట్ట వైపు ఎక్కిపోయింది. మేం రోడ్డు పక్కన కూర్చుని టీలు తాగాం. గంట దాటింది. మా ఆవిడ రెండుసార్లు వాచీ చూసి, "ఏవండీ, ఒంటరిగా పంపారు, పెద్దాయన బాగానే ఉన్నారంటారా?" అంది. నాకూ లోపల అదే.

చివరికి దుమ్ము లేచింది. జీపు వచ్చి మా ముందు ఆగింది. హజీ దిగలేదు. తలగుడ్డ కొసతో మొహం తుడుచుకుంటున్నాడు.

"ఎలా ఉంది హజీ?" అని అడిగాను.

"ఎలా ఉంటుంది? అదే రాయి, అదే ఇసుక, కింద అవే నీళ్ళు. ఏమీ మారలేదు. చూడ్డానికేమీ లేదక్కడ." ఇంకోసారి కళ్ళు తుడుచుకుని, పక్క సీటు మీద చేత్తో కొట్టాడు. "నిలబడ్డావేం? ఎక్కు. మళ్ళీ వెళ్దాం."